వార్షిక నివేదిక: గెడ్డకు దారి విడిచే పని

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను ఉగాదితో మొదలుపెట్టి జమాఖర్చులతో ముగించడం మన సంఘం ఆనవాయితీ. ఈసారి ఆ వరుస మార్చాను. ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరిగింది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకున్నాం. పిల్లల ఆదివారం తెలుగు బడి నడుస్తోంది. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదివి వినిపిస్తారు. మిగిలినదంతా మన గెడ్డ (కొండవాగు) గురించే రాస్తున్నాను. కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువ రోజులు వెచ్చించింది దానిమీదే.

మన గెడ్డ గుమ్మ వైపు కొండల్లో పుట్టి, సవర గిరిజనుల గ్రామాల పక్కగా దిగి, మన వీధుల వెనుకగా ఒడిశాలోని మన పర్లాకిమిడి శివారు దాటి మహేంద్రతనయ ఏటిలో కలుస్తుంది. వేసవిలో మోకాలి లోతు ఉండదు. అందుకే దాన్ని మరచిపోవడం తేలిక. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మనమంతా గాలికి భయపడ్డాం. రేకులకు బరువులు పెట్టాం, కిటికీలు బిగించుకున్నాం. మన గజపతి జిల్లాను ఎక్కువగా దెబ్బతీసింది మాత్రం ఆ తరువాత కొండల మీద కురిసిన వాన. బరఘరాలో కొండచరియ విరిగిపడి, గుహలో తలదాచుకున్న మనుషులే ప్రాణాలు కోల్పోయారు. మన వీధుల్లో బియ్యం బస్తాలు తడిశాయి, పిల్లల పుస్తకాలు పోయాయి, పశువులు కొట్టుకుపోయాయి. తీరానికి దూరంగా ఉన్నామన్న ధైర్యం ఆ రోజుతో పోయింది.

ఈ ఏడాది మొదట్లో ఒక కార్యాలయం నుంచి మనకు ఒక ప్లాను నకలు అందింది. గెడ్డకు మన వైపున పొడవునా కాంక్రీటు రక్షణ గోడ కట్టాలన్నది అందులోని ప్రతిపాదన. చూడగానే చాలామంది సంతోషించారు, నేను కూడా సంతోషించాను. అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పమన్నారు. చెప్పడానికి ఏమీ ఉండదనే అనుకున్నాం.

గోడకు సమ్మతి తెలిపే సంతకాల కోసం ఇంటింటికీ వెళ్ళినప్పుడు దిగువ వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దావిడ కాగితం చేతిలోకి తీసుకోలేదు. "నీళ్ళు గెడ్డ గట్టు దాటి రాలేదు బాబూ. కింద నుంచి ఎగదన్నుకుంటూ వచ్చాయి. అటు గోడ కడితే ఇటు వచ్చిన నీళ్ళు ఎటు పోతాయి?" అన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. సంతకాలు ఆపేశాం.

మన సభ్యుల్లో తాపీ పనివారు ఉండడం ఇక్కడ ఉపయోగపడింది. నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూడడం వాళ్ళకు రోజూ చేసే పని. ప్రతి ఇంటికీ వెళ్ళి, తిత్లీ నాడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇంటివాళ్ళనే చూపించమని అడిగాం. చాలా గోడల మీద బురద గీత ఇంకా కనిపిస్తోంది. కొందరు తలుపు గడియను చూపించారు, ఒకరు దేవుడి గూడును చూపించారు. ఆ గుర్తులన్నిటినీ గొట్టంతో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తెచ్చి ఒకే కొలతలోకి మార్చాం. అప్పుడు తేలిందేమిటంటే, ఎగువ వీధిలో గీతలు గెడ్డ వాలును అనుసరించి మెట్టు మెట్టుగా దిగుతున్నాయి. దిగువ వీధిలో మాత్రం ఇళ్ళన్నిటా గీత ఒకే మట్టంలో, చెరువు నీటిలా నిలిచి ఉంది. పారే నీరు వాలుగా ఉంటుంది, నిలిచిన నీరు సమంగా ఉంటుంది. మహేంద్రతనయ నిండుగా పొంగినప్పుడు గెడ్డ నీటిని లోపలికి తీసుకోలేదు. ఆ నీరు వెనక్కి మళ్ళి దిగువ వీధిని ముంచింది. పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజం.

ప్లానులో ఉన్న గోడ ఎగువ వీధికి కొంత మేలు చేస్తుంది. దిగువ వీధికి అదే ఆనకట్ట అవుతుంది. వీధి కాలువల నీరు గెడ్డలోకి పోలేక లోపలే నిలిచిపోతుంది. ఒక వైపు గోడ కడితే నీటి తాకిడి ఎదుటి గట్టు మీద పడుతుంది, అక్కడ పేదల గుడిసెలున్నాయి. పైగా గెడ్డను ఇరుకు చేసి వేగంగా తోసేసిన నీరు మాయమైపోదు. మహేంద్రతనయ ఇక్కడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం మీదుగా సాగి వంశధారలో కలుస్తుంది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైంది గానీ ఆ ఒడ్డున ఉన్నది మన ఆడపడుచుల ఇళ్ళే. మన నీళ్ళు వాళ్ళ ముంగిట్లోకి నెట్టే పథకానికి ఈ సంఘం పేరు పెట్టలేమని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

వద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు. అందుకే కొలతలన్నీ ఒక పటంలో గీసి, మనం కోరేదేమిటో కూడా రాసి ఇచ్చాం. మొదట నీరు కొండ మీదే కొంత ఆగాలి. తెలుగు బడి పిల్లలకు ఒక లెక్క ఇచ్చాం: చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే పది కోట్ల లీటర్ల నీరు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై వేలు కావాలి. అంత నీరూ ఒక్కసారిగా దిగితే ఏ గోడా ఆపలేదు. కొంత ఇంకి, మిగిలింది నెమ్మదిగా దిగితే అదే గెడ్డ మోయగలదు. వాలుకు అడ్డంగా కందకాలు, వాగు పాయల్లో రాతి కట్టలు, గట్ల మీద వట్టివేరు, వెదురు కావాలి. ఉపాధి హామీ పనుల్లో ఇలాంటివి చేయడం కొత్త కాదు.

అయితే ఆ కొండ మనది కాదు. గుమ్మ బ్లాకు షెడ్యూల్డు ప్రాంతం. 1996 పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం అక్కడి చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలవి. అందుకని రెండుసార్లు సవర గ్రామాలకు వెళ్ళి పల్లీసభ (గ్రామసభ) పెద్దలతో కూర్చున్నాం. మొదటిసారి మన పటం తీసుకుని వెళ్ళాం, అది తప్పు. మన ఇళ్ళు మునగకుండా వాళ్ళ పొలాల్లో కందకాలు తవ్వమని అడిగినట్టయింది. రెండోసారి వాళ్ళకు ఏం కావాలో అడిగాం. చివరి వానలు వెనుకాడితే ఎండిపోయే మెట్ట చేలకు తడి, వేసవిలో ఊట. రాతి కట్టలు ఆ రెండూ ఇవ్వగలవు కనుక మాట కుదిరింది. ఎక్కడ కట్టాలో వాళ్ళే చూపించారు. మేము అనుకున్న చోట్లు అవి కావు, అంతకంటే మంచివి. గిడుగు రామమూర్తిగారు ఈ పట్టణంలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. ఏటా ఆయన పుట్టినరోజు జరుపుకునే మనలో ఒక్కరికీ సవర నాలుగు మాటలు రావని ఆ రోజు చెట్టు కింద కూర్చున్నప్పుడు తెలిసి బాధ కలిగింది. బడి పిల్లలకు వారానికి ఒక గంట సవర నేర్పడానికి ఆ ఊరి యువకుడు ఒకరు ఒప్పుకున్నారు.

రెండో కోరిక గెడ్డకు వెడల్పు. కల్వర్టు కింద పూడిక, ప్లాస్టిక్ పేరుకుని కన్ను సగం మూసుకుపోయింది. కొన్ని పెరటి గోడలు గెడ్డలోకి జరిగాయి, వాటిలో మన సభ్యులవీ ఉన్నాయి. ఇంటి మరమ్మతు మట్టిని గెడ్డలో పోసింది కూడా మనమే. రెండు కుటుంబాలు తమంతట తాముగా గోడ వెనక్కి జరుపుకున్నాయి, సంఘం వారికి రుణపడి ఉంది. మిగిలినవారితో మాటలు సాగుతున్నాయి. ఎవరినీ పేరు పెట్టి నిలదీయం, విడిచిపెట్టం కూడా.

మూడోది దిగువ వీధి. కాలువలు గెడ్డలో కలిసే చోట, నీరు బయటికి పోనిచ్చి ఏరు పొంగితే మూసుకునే తలుపులు కావాలి. పక్కనున్న ఆటస్థలాన్ని పూడ్చకుండా పల్లంగానే ఉంచాలి, వరద రెండు రోజులు అక్కడ నిలుస్తుంది. క్రికెట్ ఆడే కుర్రవాళ్ళు ముందు అలిగారు, తరువాత వాళ్ళే ఆ స్థలం కొలిచి ఇచ్చారు.

గోడ ప్లానును తిరిగి పరిశీలిస్తామని ఆ కార్యాలయంవారు మాటగా చెప్పారు. రాతపూర్వకంగా ఇంకా ఏదీ అందలేదు. అందేవరకు ప్రతి నెలా వెళ్ళి అడుగుతాం.

వచ్చే వానాకాలం నుంచి వాన కొలత మనమే రాసుకోబోతున్నాం. కొండ మీది ఊళ్ళో ఒక వానమాపకం, కల్వర్టు గోడ మీద రంగు గీతల కొలబద్ద ఉంటాయి. రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షమంటుంది. పైన ఆ కొలత దాటగానే కింద దిగువ వీధికి ఫోను రావాలి, ముసలివారిని, పశువులను ముందు కదిలించాలి. ఫోను చేసే వంతులకు ఇంకా నలుగురు కావాలి, రాత్రి మెలకువగా ఉండగలిగినవారు పేరు ఇవ్వండి.

ఒక మనవి. ఎగువ వీధిలో ఇంకా కొన్ని ఇళ్ళ గుర్తులు కొలవవలసి ఉంది. దసరాకు సున్నం వేయించబోతున్నవారు మా తాపీ మేస్త్రీలు వచ్చి చూసేవరకు ఆ బురద గీతను చెరపకుండా ఉంచండి.

ఇట్లు,
కార్యదర్శి