నాలుగో గ్లాసు గురించి 71 రోజులుగా రాని జవాబు

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: విశాఖపట్నంలో మీ సంస్థ జరిపిన కొత్త దేశీ వైన్ల రుచి కార్యక్రమంలో పాడైన సీసా గురించి నేను చేసిన ఫిర్యాదును ఎవరూ పట్టించుకోకపోవడం.

అయ్యా,

నేను విజయనగరంలో ఉంటున్న విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి. నా వయసు 67 ఏళ్లు. ఈ ఉత్తరం ఒక పాడైన వైన్ సీసా గురించి మొదలైనా, దాని గురించే అయితే ఇంత దూరం వచ్చేది కాదు. సీసాలు పాడవుతాయి, అందులో వింత లేదు. పిలిచి కూర్చోబెట్టి, డబ్బు తీసుకుని, మా అభిప్రాయం అడిగి, చెప్పిన అభిప్రాయాన్ని మరొకటిగా మార్చి రాసుకుని, అది తప్పని మేము విన్నవించుకుంటే 71 రోజులుగా ఒక్క మనిషి కూడా సరిగా వినకపోవడమే నా బాధ.

మీ సంస్థతో నాకు 11 ఏళ్ల పరిచయం. మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మమ్మల్ని నాసిక్‌లోని మీ ద్రాక్షతోటకు తీసుకువెళ్లింది. అది ఫిబ్రవరి నెల, ద్రాక్ష కోత సాగుతోంది. ఐరోపాలో ఆగస్టు తరువాత జరిగే కోత మన దగ్గర చలికాలం చివర్లో ఎందుకు జరుగుతుందో, ఏడాదికి రెండుసార్లు తీగలు కత్తిరించి ఒక్క పంటే ఎందుకు తీస్తారో మీ తోటలోని ఒక పెద్దాయన ఓపికగా చెప్పాడు. ఆ ఓపిక చూసే నేను మీ వాడినయ్యాను. మా ఊళ్లో వైన్స్ అని బోర్డు ఉన్న దుకాణంలో ద్రాక్ష వైన్ అడిగితే అరుదుగా దొరుకుతుంది, దొరికినా తియ్యటి పోర్ట్ వైన్ ఒక్కటే ఇస్తారు. అలాంటి చోట తెల్ల వైన్ చల్లగా తాగాలని, ఎర్ర వైన్‌ను మంచుముక్కలతో పాడుచేయకూడదని నా మిత్రులకు చెప్పి, విశాఖ వెళ్లినప్పుడల్లా మీ సీసా కొనిపించిన వాణ్ణి నేను. ఎవరూ అడగకుండానే, ఇష్టంతో చేశాను.

ఫిబ్రవరి చివరి శనివారం మీ కార్యక్రమానికి నేను, నా భార్య, ఇద్దరు మిత్రులు కలిసి పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్లాము. మనిషికి 1,200 రూపాయల చొప్పున ముందే కట్టాము. 900 రూపాయల లోపు ధరకు అమ్మబోయే 6 కొత్త వైన్లు రుచి చూపిస్తామని, అతిథులు ఇచ్చిన మార్కులను బట్టి నచ్చినవాటిని ఎంపిక చేస్తామని, మా వ్యాఖ్యలు వైన్ తయారుచేసేవారికి చేరతాయని మీ ఆహ్వానంలో ఉంది. సామాన్యుడు కొనగలిగిన ధరలో మంచి దేశీ వైన్ రావాలని చాలా కాలంగా కోరుకుంటున్నవాణ్ణి గనుక ఎంతో సంతోషంగా వెళ్లాను.

మొదటి మూడూ మంచివే. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే దోర జామకాయ కోసినప్పటి వాసన వచ్చింది. పులుపు నాలుక మీద నిలబడింది గాని గుచ్చుకోలేదు. వంజరం వేపుడుతో ఇంతకంటే బాగుండేది లేదని మా బల్ల దగ్గర నలుగురం ఒప్పుకున్నాము, దానికి నేను 10కి 8 వేశాను. సావిన్యాన్ బ్లాంక్ అనే మరో తెల్ల వైన్‌లో పచ్చిమిరపకాయ విరిచినట్టు వాసన ఉంది. అది నాకు నచ్చింది, మిగతావారికి నచ్చలేదు. లేత గులాబీ రంగు వైన్ మా ఆవిడ మొదటి ఎంపిక. ఆమె ఇంతకుముందు ఎప్పుడూ ఒక గుటకకు మించి తాగలేదు, ఆ రోజు మాత్రం గ్లాసును వెలుతురుకు పట్టుకుని చూసి, మార్కుల కాగితం మీద రెండు పంక్తులు రాసింది.

నాలుగోది షిరాజ్ అనే ఎర్ర వైన్. గ్లాసు తిప్పక ముందే తెలిసిపోయింది. ముందు వెనిగర్ వాసన, దాని వెనకే గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన. మా నలుగురికీ ఒకే సీసాలోంచి పోశారు, నాలుగు గ్లాసుల్లోనూ అదే వాసన. నేను లేచి పక్క బల్లవారిని అడిగి వారి గ్లాసు తెచ్చుకుని, రెండింటినీ తెల్లటి చేతిరుమాలు మీద పక్కపక్కన పెట్టాను. వారిది వేరే సీసా. అందులో నేరేడు పండు, చివర్లో మిరియాల ఘాటు, రంగు అంచు వరకు ఊదాగా ఉంది. మాది అంచున ఇటుక రంగుకు తిరిగింది. అంటే వైన్‌లో దోషం లేదు, మాకు పోసిన సీసాలో ఉంది. అది చాలా ముందే తెరిచి ఉంచిందో, బిరడా సరిగా లేక గాలి చొరబడిందో అయి ఉండాలి. గాలి తగిలితే సూక్ష్మజీవులు ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి, ఆ రెండూ కలిసి ఈథైల్ ఎసిటేట్ ఏర్పడుతుంది. ఇది తెలుసుకోవడానికి రసాయనశాస్త్రం కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున దించిన తాటికల్లు మర్నాటికి ఏమవుతుందో మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మరో సీసా తెరవమని పోస్తున్న అబ్బాయిని మర్యాదగా అడిగాను. "ఈ రకం ఇలాగే ఉంటుంది సార్, అలవాటవ్వాలి" అని అతను ఐదో వైన్ పోయడానికి వెళ్లిపోయాడు. కార్యక్రమం నడిపిస్తున్న మీ ప్రతినిధికి రెండు గ్లాసులూ చూపించాను, ఆయన వాసన చూడకుండానే చిరునవ్వుతో "మీ అభిప్రాయం కాగితం మీద రాయండి" అన్నారు. రాశాను. నాలుగో వరుసలో మార్కుల గడి ఖాళీగా వదిలి, పక్కన "ఈ సీసా పాడైంది, దీన్నిబట్టి ఈ వైన్‌కు మార్కులు వేయడం న్యాయం కాదు" అని రాశాను. మిగతా ముగ్గురూ అలాగే రాశారు. అంతటితో ఆ విషయం నా మనసులోంచి పోయింది.

పది రోజుల తరువాత ఫలితాలు వచ్చాయి. 24 మంది అతిథులు, షెనిన్ బ్లాంక్‌కు సగటున 7.4 మార్కులతో మొదటి స్థానం, గులాబీ వైన్‌కు 6.8, కాబెర్నే అనే ద్రాక్ష రకం కలిపిన ఎర్ర వైన్‌కు 6.5, షిరాజ్‌కు 5.5 మార్కులతో చిట్టచివరి స్థానం. కింద బల్లల వారీగా పట్టిక ఇచ్చారు. అందులో మా నలుగురి పేర్లకు ఎదురుగా షిరాజ్ గడిలో నాలుగు సున్నాలున్నాయి. మేము సున్నా వేయలేదు. 24 మందికి 5.5 అంటే మొత్తం 132 మార్కులు, వాటిని నిజంగా మార్కులు వేసిన 20 మందికి పంచితే 6.6 వస్తుంది. ఆ వైన్ చివరిది కాదు, మూడోది. నేను 34 ఏళ్లు జవాబు పత్రాలు దిద్దాను. పరీక్షకు రాని విద్యార్థికి గైర్హాజరు అని రాస్తాము, సున్నా వేయము. రాసిన వాక్యాన్ని చదవకుండా గడి మాత్రమే చూసి సున్నా వేసినవారు ఎవరో నాకు తెలియదు గాని, వారి వల్ల ఒక మంచి వైన్‌కు, దాన్ని తయారుచేసినవారికి అన్యాయం జరిగింది. అందులో మా పేర్లు వాడారు.

మర్నాడే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఏ భాష కావాలో ఎంచుకోమని చెప్పిన రికార్డులో తెలుగు లేదు. మొదట మాట్లాడిన అమ్మాయి మంచిది, 9 నిమిషాలు విని, ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, 48 గంటల్లో ఫోన్ వస్తుందని చెప్పింది. రాలేదు. నాలుగో రోజు నేనే చేస్తే ఆ సంఖ్య కింద ఏమీ రాసిలేదన్నారు, మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆయన సీసా మీది బ్యాచ్ నంబరు, కొన్న బిల్లు ఫోటో పంపమన్నారు. మీరు పోస్తే తాగిన వైన్‌కు నా దగ్గర సీసా ఎలా ఉంటుంది, బిల్లు ఎలా ఉంటుంది? ఈ మాట మూడు రకాలుగా చెప్పినా ఆయన మూడుసార్లూ అదే అడిగారు.

తరువాతి వారం మరొకరు, కార్యక్రమం హోటల్లో జరిగింది గనుక హోటల్‌వారినే అడగాలన్నారు. అడిగాను. గది, కుర్చీలు, గ్లాసులు మాత్రమే తమవని, సీసాలు, పోసే మనుషులు మీ సంస్థవారివేనని ఆ మేనేజరు స్పష్టంగా చెప్పారు. ఆ మాట మీవారికి చెబితే, పై అధికారికి కలుపుతున్నామని చెప్పి సంగీతం పెట్టారు. 22 నిమిషాల తరువాత లైను తెగిపోయింది. నేను కుర్చీలో అలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

అయిదోసారి మాట్లాడిన వ్యక్తి అన్న మాట ఇక్కడ రాయక తప్పదు. "ఆరు రకాలు తాగారు కదా సార్, అప్పటికే మీకు కొంచెం ఎక్కువై ఉంటుంది" అన్నాడు. ఒక్కొక్క గ్లాసులో మీరు పోసింది రెండు వేళ్ల ఎత్తు, నేను సగానికి పైగా పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మాను, రుచి చూసే పద్ధతి అదేనని నాసిక్‌లో నేర్పింది మీవాళ్లే. స్పీకరు ఆన్‌లో ఉండటం వల్ల ఆ మాట నా భార్య కూడా విన్నది. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేకపోయాను.

ఆ సాయంత్రమే "మీ ఫిర్యాదు మీకు తృప్తి కలిగేలా పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. దాని కిందే సేవకు 5కి ఎన్ని మార్కులు ఇస్తారని అడిగారు. నా మార్కులను ఒకసారి ఏం చేశారో చూశాక మళ్లీ ఏ నమ్మకంతో ఇవ్వాలి? మూడు ఈమెయిళ్లు రాశాను, మూడింటికీ ఒక్క అక్షరం తేడా లేని జవాబు వచ్చింది. ఒకటి మాత్రం నా పేరుకు బదులు వేరెవరి పేరుతోనో వచ్చింది. చివరికి మార్కుల కాగితం నకలు జతచేసి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను, మీ కార్యాలయంలో అందినట్టు తపాలావారి దగ్గర నమోదై ఉంది. తరువాత వచ్చింది ఒకే ఒక్క ఫోన్, వచ్చే కార్యక్రమానికి 10 శాతం తగ్గింపు ఇస్తామని. షిరాజ్ సంగతి ఎత్తితే ఆ అమ్మాయికి అదేమిటో తెలియదు.

నేను 4,800 రూపాయల కోసం ఈ పోరు చేయడం లేదు. మిగతా ఐదు వైన్లకు ఆ డబ్బు చెల్లుతుంది. షెనిన్ బ్లాంక్‌కు నేను వేసిన 8 మార్కులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, కోపంలో ఒక్కటి కూడా తగ్గించను. అయితే ఇక్కడి మా మిత్రబృందంలో నేను చెబితే మీ సీసా కొనేవాళ్లు పదిమందికి పైగా ఉన్నారు. ఈమధ్య వాళ్లు ఏది కొనమంటారని అడిగితే చెప్పడానికి నోరు రావడం లేదు. 11 ఏళ్లుగా మిమ్మల్ని వెనకేసుకొచ్చిన మనిషికి ఇది ఎంత కష్టమో మీ కార్యాలయంలో ఒక్కరైనా ఆలోచించారా? ఆ నాలుగు సున్నాలు తీసేసి, సరిచేసిన పట్టికను ఆ రోజు వచ్చిన 24 మందికీ పంపాలి. మా బల్ల మీది సీసా ఎందుకలా అయిందో వైన్ సంగతి తెలిసిన మనిషి ఎవరైనా వాకబు చేసి, తన పేరుతో, తన సంతకంతో నాకు రాయాలి. ఫోన్‌లో ఆ మాట అన్న వ్యక్తి తరఫున నా భార్యకు క్షమాపణ చెప్పాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను మీ కార్యాలయం ఉన్న ఊరికి రానక్కర్లేదు, నేను ఉంటున్న చోటే వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలును పెట్టుకోనక్కర్లేదు, గడువు రెండేళ్లు ఉంది. విశ్రాంత జీవితంలో నాకు తీరిక బాగా ఉంది. అప్పుడు మాత్రం 4,800 రూపాయలు, రైలు ఖర్చులు, 71 రోజుల మనోవ్యథకు పరిహారం అన్నీ అడుగుతాను, 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయిస్తాను.

మా నలుగురి మార్కుల కాగితాల నకళ్లు, డబ్బు కట్టిన రసీదులు, మీ సందేశాల ప్రతులు జతచేస్తున్నాను. కాగితాల్లో నాలుగో వరుస చదవండి. నా భార్య కాగితంలో ఆ వరుసలో రాసిన అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉంటాయి, ఎవరి కంటికైనా ఆనాలని ఆమె అలా రాసింది. దయచేసి ఫోన్ చేయవద్దు, ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
విజయనగరం.