ముందు ఆసుపత్రి, తర్వాతే కత్తి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయన్నావు, సంతోషం. నీకు మాత్రం మళ్లీ నైట్ డ్యూటీలు పడ్డాయన్నమాట. వేళకి ఏదో ఒకటి తింటూ ఉండు.

నీ ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ మీదున్న ఎనిమిది మొనల తెల్ల సిలువ ఏంటని అడిగావు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సెయింట్ జాన్ ఆంబులెన్స్ 1877లో ఇంగ్లండ్‌లో మొదలైంది. సిలువ గుర్తు మాత్రం వాళ్లు పాతకాలపు హాస్పిటలర్ల నుంచి తీసుకున్నారు. మధ్యయుగాల్లో క్రైస్తవ సన్యాసి యోధుల సంఘం అది. జనానికి అలాంటిదే మరో సంఘమైన టెంప్లర్ల పేరే ఎక్కువ తెలుసు. నాకు మాత్రం వీళ్ల కథే మనసుకు పట్టింది. ఎందుకంటే కత్తి పట్టకముందు వీళ్లు నీలాగే వార్డుల్లో పనిచేసినవాళ్లు.

11వ శతాబ్దంలో ఇటలీలోని అమాల్ఫీ వర్తకులు జెరూసలెంలో యాత్రికుల కోసం సత్రం లాంటి ఒక ఆసుపత్రి కట్టించారు. అప్పటికి ఆ ఊరు ముస్లిం పాలనలోనే ఉంది. గెరార్డ్ అనే ఆయన దాన్ని చూసుకునేవాడు. 1099లో జెరూసలెం కోసం యూరప్ నుంచి దండెత్తి వచ్చిన క్రైస్తవ క్రూసేడు సైన్యాలు నగరాన్ని పట్టుకుని ముస్లింలను, యూదులను ఊచకోత కోశాయి. ఆ నెత్తురు సంగతి దాటేసి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు. ఆసుపత్రి మాత్రం ఆగకుండా నడిచింది. 1113లో పోపు రెండో పాస్కల్ దాన్ని స్వతంత్ర సంస్థగా గుర్తించాడు.

గెరార్డ్ తర్వాత పెద్దగా వచ్చిన రేమండ్ డు పుయ్ సంఘానికి నియమాలు రాశాడు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత ఎలాగూ ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది ఇంకోటి. రోగిని ప్రభువులా చూడాలి, సన్యాసులు తినకముందే రోజూ రోగికి భోజనం పెట్టాలి అన్నాడు. ఊళ్లు ఏలే కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు దిక్కులేని బాటసారికి ముందు వడ్డించి తర్వాత తాము తినాలి. ఆ కాలంలో ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించు.

1182లో అప్పటి సంఘం పెద్ద రోజర్ డి మూలాన్ పెట్టిన నియమాలైతే నువ్వు చదివి తీరాలి. నలుగురు వైద్యులు ఉండాలట. మంచాలు హాయిగా పడుకునేంత పొడవు, వెడల్పు ఉండాలి, ఎవరి దుప్పట్లు వాళ్లకే. రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లే రోగికి చలేయకుండా గొర్రెతోలు అంగీ, కాళ్లకు బూట్లు ఇవ్వాలి. యాత్రకొచ్చిన ఆడవాళ్లకు అక్కడే కాన్పయితే పసిబిడ్డకు విడిగా చిన్న ఉయ్యాల ఉండాలి. ఆ ఉయ్యాల గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇవి ఎవరో ఒక రాత్రి వార్డులో మేలుకుని, రోగి పడే అవస్థ దగ్గరుండి చూసి రాసిన మాటలు. ముస్లింలను, యూదులను కూడా చేర్చుకునేవారని ఆ కాలపు వర్ణన ఒకటి చెబుతోంది. రోగులు 2,000 మంది దాకా ఉన్నారని ఒక జర్మన్ యాత్రికుడు రాశాడు.

మరి కత్తి ఎప్పుడొచ్చిందంటావా? యాత్రికుల దారుల్లో దోపిడీలు, చుట్టూ యుద్ధాలు. 1136లో జెరూసలెం క్రైస్తవ రాజు ఫుల్క్ వీళ్లకి బేత్ గిబెలిన్ కోట అప్పగించాడు. తర్వాత కొన్నేళ్లకే సిరియాలోని క్రాక్ డి షెవాలియే కోట కూడా వీళ్ల చేతికొచ్చింది. కోట అంటే సైన్యం, సైన్యం అంటే ఖర్చు. గిల్బర్ట్ డస్సాయి అనే పెద్ద 1168 ఈజిప్టు దండయాత్రకి ఒప్పుకుని సంఘాన్ని అప్పుల్లో ముంచాడు, చివరికి పదవి వదులుకున్నాడు. పేదల సేవ వదిలి ఆయుధాల వెంట పడొద్దని పోపు మూడో అలెగ్జాండర్ హెచ్చరించాడు కూడా. ఆ పోపు మాటే నిజమని నా నమ్మకం.

1187లో ఏం జరిగిందో చూడు. హత్తీన్ దగ్గర క్రూసేడర్లు ఓడిపోయిన యుద్ధం తర్వాత బందీలుగా దొరికిన టెంప్లర్ల, హాస్పిటలర్ల తలలు ముస్లిం సుల్తాను సలాదీన్ తీయించాడు. అదే ఏడు జెరూసలెం తన చేతికొచ్చాక, రోగులను చూసుకోవడానికి కొందరు హాస్పిటలర్లను మాత్రం ఏడాది దాకా అక్కడే ఉండనిచ్చాడు. ఒకే సంఘం, ఒకే శత్రువు. కత్తి పట్టినవాడిని చంపాడు, రోగి పక్కన కూర్చున్నవాడిని ఉండనిచ్చాడు.

1291లో అక్కడ క్రూసేడర్లకి మిగిలిన పెద్ద రేవు పట్టణం ఏకర్ కూడా పోయింది. సైప్రస్‌కి, అక్కణ్నుంచి రోడ్స్ ద్వీపానికి వెళ్లారు. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ 1307లో టెంప్లర్లను పట్టించాడు. 1312లో పోపు ఆ సంఘాన్నే రద్దు చేసి ఆస్తుల్లో చాలా భాగం వీళ్లకిచ్చాడు. 1522లో ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ ఆరు నెలలు ముట్టడించి రోడ్స్ గెలిచాడు, వీళ్లని ప్రాణాలతో పోనిచ్చాడు. ఏడేళ్లు ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగాక, 1530లో చక్రవర్తి ఐదో చార్లెస్ మాల్టా దీవి ఇచ్చాడు. కౌలు ఏడాదికి ఒక డేగ!

1565లో ఒట్టోమన్లు మాల్టాని ముట్టడించిన సంగతి నువ్వు వినే ఉంటావు. సెయింట్ ఎల్మో అనే చిన్న కోట దాదాపు నెల రోజులు నిలబడింది. సంఘం పెద్ద, డెబ్బై ఏళ్ల ముసలాయన జాన్ డి లా వాలెట్ దగ్గరుండి పోరాటం నడిపించాడు. సెప్టెంబరులో సిసిలీ నుంచి సాయం అందేసరికి ఒట్టోమన్లు వెనుదిరిగారు. మరుసటి ఏడాది కట్టడం మొదలైన వాలెట్టా నగరానికి ఆయన పేరే పెట్టారు.

నాకు ఆ యుద్ధం కన్నా వాలెట్టాలో 1574లో మొదలైన ఆసుపత్రి గొప్పగా అనిపిస్తుంది. ఒక్క వార్డే 155 మీటర్ల పొడవు. రోగులకు వెండి పళ్లేల్లో భోజనం. యోధులు వంతులవారీగా వచ్చి స్వయంగా వడ్డించేవారు. అదే ఊళ్లో రేవులో ఓడల తెడ్లు వేసింది మాత్రం సముద్రంలో పట్టి తెచ్చిన ముస్లిం బానిసలు. రోగిని ప్రభువన్న నోటితోనే మనిషిని బానిస అన్నారు. దీన్ని నేను ఎప్పటికీ క్షమించలేను. 1798లో నెపోలియన్ వచ్చి ఆ బానిసలను విడిపించాడు, ఆసుపత్రి వెండి కరిగించుకున్నాడు, సంఘాన్ని దీవి నుంచి వెళ్లగొట్టాడు.

1834 నుంచి సంఘం రోమ్‌లో ఉంది. కోటలు లేవు, ఓడలు లేవు. వైద్య సేవలు, సహాయ శిబిరాలే పని. 1990 నుంచి బేత్లెహేములో కాన్పుల ఆసుపత్రి నడుపుతున్నారు. ఏ మతం వాళ్లయినా అక్కడ పురుడు పోసుకోవచ్చు.

1182 నియమాలు మొత్తం తెలుగులో రాసి పంపిస్తాను, మీ వార్డులో వాళ్లకి చదివి వినిపించు. వాళ్లేమన్నారో తప్పకుండా రాయి. అమ్మకి నమస్కారాలు.

నీ
రవి