కార్మాక్ పనితనం గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

గేమింగ్ ఉద్యోగాలపై మీరు ప్రచురించిన వ్యాసంలో అమెరికన్ గేమ్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ప్రస్తావన ఒక్క వాక్యంతో, అదీ ఆయన సంపాదనతో, ముగిసిపోవడం వెలితిగా అనిపించింది. 1990 నాటి పీసీలకు తెరనంతటినీ ప్రతిసారీ కొత్తగా గీసేంత వేగం లేకపోగా, మారిన భాగాలను మాత్రమే తిరిగి గీయించి దృశ్యం కుదుపుల్లేకుండా పక్కకు జరిగేలా చేసిన ఆయన, మరుసటి ఏడాది సహచరులతో కలిసి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే గేమ్‌ల సంస్థను స్థాపించారు. 1993లో వచ్చిన డూమ్ అనే షూటింగ్ గేమ్ కోసం గదులనూ గోడలనూ ముందుగానే విభజించి పెట్టి, ఆటగాడు నిలబడిన చోటి నుంచి ఏ గోడ ముందో, ఏది వెనుకో కంప్యూటర్ ఇట్టే తేల్చుకునేలా రాశారు. ఆ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, పరిశోధన పత్రాల్లో అప్పటికే ఉన్నదే. వెతికి చదివి ఆటకు పనికొచ్చేలా మలచడంలోనే ఆయన ప్రతిభ ఉంది. 2009లో ఐడీ సాఫ్ట్‌వేర్ జెనిమాక్స్ అనే మరో గేమ్‌ల కంపెనీ చేతికి వెళ్లింది, 2013లో ఆయన వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు తయారుచేసే ఆక్యులస్‌లో చేరారు.

1997లో విడుదల చేసిన డూమ్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్‌ను, ఇక్కడి మారతహళ్లి పీజీల్లో ఉంటూ కోచింగ్‌లకు వేలకు వేలు పోస్తున్న మన పిల్లలు ఈనాటికీ పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. దాన్ని తెలుగులో వివరించే శీర్షిక ఒకటి ఉపాధి పేజీలో ప్రారంభించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, బెంగళూరు