పొగ వచ్చిన బ్యాటరీ గురించి, మన పిల్లలు కట్టిన పికప్ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత మంగళవారం రాత్రి మన తొమ్మిదో తరగతి పిల్లాడి ఇంట్లో, బడిలో పిల్లలు కట్టిన చిన్న రిమోట్ పికప్ బండి బ్యాటరీ ఉబ్బి పొగ వచ్చిన సంగతి ఈపాటికి ఊరంతా తెలుసు. పరుపు ఒక మూల కాలింది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూసి వచ్చాను. వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టినవన్నీ కూడా చదివాను. "చదువు మానేసి బొమ్మలు చేయిస్తున్నారు" అన్నదీ చదివాను, "అది బండి కాదు, బాంబు" అన్నదీ చదివాను. అందుకే ఈ నెల ఉత్తరం పరీక్షలతో కాకుండా దీనితోనే మొదలుపెడుతున్నాను.

జరిగింది ఇది. ఆ బ్యాటరీ రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ రకం. చార్జింగ్‌లో ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, రెండూ కలిపి 8.4. బడిలో ఉన్న బ్యాలన్స్ చార్జర్ ఏ సెల్‌కి ఆ సెల్‌ని చూసుకుంటూ అక్కడికి రాగానే ఆపేస్తుంది. పిల్లాడు బ్యాటరీ ఇంటికి పట్టుకెళ్లి, మూల పడున్న 12 వోల్టుల అడాప్టర్ వైర్లు కోసి దానికి కలిపి, పరుపు మీద పెట్టి పక్కనే పడుకున్నాడు. ఆ అడాప్టర్‌కి ఆపడం తెలియదు. బ్యాటరీని గేటు దాటనివ్వడం బడి తప్పు, ఆ తప్పు నాది. ఇకపై లిథియం బ్యాటరీలు ల్యాబ్‌లోని ఇనుప పెట్టెలోనే ఉంటాయి. గచ్చు మీద, పక్కన ఇసుక బక్కెట్ పెట్టుకుని, సైన్సు మాస్టారు ఎదురుగా ఉన్నప్పుడే చార్జింగ్. ఉబ్బిన బ్యాటరీని ఎవరూ ముట్టుకోరు. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ ఇస్తాం. దాని చార్జర్ కూడా బడిలోనే ఉంటుంది.

బండి కట్టడం మాత్రం ఆగదు.

ఎందుకో చెప్పాలంటే ఆ బండి గురించి చెప్పాలి. మీలో చాలామంది దాన్ని చూడకుండానే మాట్లాడుతున్నారు. మన రోడ్ల మీద కొబ్బరికాయలు మోసే టాటా ఏస్ ఉంది కదా, దాన్ని పదో వంతుకి కట్టాలని పదకొండు మంది పిల్లలు అనుకున్నారు. కొబ్బరి కొట్టు దగ్గర ఆగి ఉన్న బండిని యజమానిని అడిగి టేపుతో కొలిచారు. పొడవు 3800 మిల్లీమీటర్లు, వెడల్పు 1500, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2100. పదో వంతు అంటే 38 సెంటీమీటర్లు, 15, 21. ఇంతవరకు ఆరో తరగతి పిల్లలైనా చేస్తారు. మరి బరువు? పొడవు పదో వంతైతే బరువు కూడా పదో వంతే అని అందరూ అన్నారు. తొమ్మిది బి లో వెనక బెంచీ అమ్మాయి ఒక్కతే లేచి, పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గాయి కాబట్టి వెయ్యో వంతు కావాలంది. లోడుతో 1500 కిలోలుండే బండి కిలోన్నర అవ్వాలి. లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కుల దగ్గర ఆగిపోయే పిల్ల! ఆ రోజు స్టాఫ్ రూమ్‌కి వెళ్లి అందరికీ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, కిటికీలు చేసే షాపులో మిగిలిన అల్యూమినియం యాంగిల్. క్యాబిన్‌కి పాత పీవీసీ పైపు: నిలువునా కోసి, వేడి చేసి, రెండు పలకల మధ్య నొక్కితే రేకులా అయింది. అంచులు ఆకురాయితో అరగదీశారు. కుదుపు తగ్గించే వెనక కమాన్ పట్టీలకు మందంగా ఉన్న ఒకే ఇనుప పట్టీ వేస్తే బండి గుంటలో పడ్డప్పుడల్లా ఎగిరి పడింది. ఆ పట్టీ తీసేసి, దాని మందంలో మూడో వంతున్న పట్టీలు మూడు, ఒకదాని కింద ఒకటి, పొడవు తగ్గించుకుంటూ వేశారు. మొత్తం మందం అంతే, కానీ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి దాదాపు తొమ్మిది రెట్లు మెత్తగా వంగింది. మందం మూడింతలైతే బిగువు ఇరవై ఏడింతలవుతుందని ఫిజిక్సు మాస్టారు తరువాత బోర్డు మీద చూపించారు. తరువాత! ముందు చేత్తో నొక్కి చూశారు, ఆ తరువాతే లెక్క. ముప్పై ఏళ్లుగా నేను అడుగుతున్నది ఇదొక్కటే. చేతికి తెలిసిన విషయాన్ని పిల్లాడు పరీక్షలో మర్చిపోడు. ఆకురాయి పట్టని చేతికి మనం సూత్రాలు బట్టీ పట్టిస్తున్నాం.

మలుపులో ముందు టైర్లు ఈడ్చుకుపోతుంటే పిల్లలు మెకానిక్ షెడ్డుకి వెళ్లి అడిగారు. లోపలి చక్రం బయటి దానికంటే ఎక్కువ తిరగాలని అక్కడ చెప్పారు. ఇది 1818లో లండన్‌లో అకెర్‌మన్ పేరుమీద పేటెంటైన గుర్రబ్బండి ఉపాయం. మన పిల్లలకు ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ (టై రాడ్) వంచుతూ దొరికింది. మోటార్ మరీ వేగంగా ఉందని పళ్లచక్రాలు మార్చినవాడు ఎనిమిదో తరగతి. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి పదో వంతుకి 4తో పోవాలి, అంటే మనిషి నడక, అన్నాడు. మిగతావాళ్లకు రేసు కావాలి. వీడు ఒప్పుకోలేదు.

రిమోట్ తరంగాల వల్ల హాని ఉందేమోనని ఒక తల్లి అడిగారు. అది మీ ఇంటి వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జే అమ్మా.

ఇప్పుడు ఇంటి సంగతులు రెండు, దయచేసి మనసులో పెట్టుకోకండి. పిల్లాడు చేయాల్సిన క్యాబిన్‌ని నాన్నగారు రాత్రికి రాత్రి చేసి పంపిస్తే మాకు తెలిసిపోతుంది. ఆ పిల్లాడి ముఖం చూస్తే చాలు. ప్రేమతోనే చేశారని తెలుసు, కానీ ఇంకెప్పుడూ చేయకండి. రెండోది, చిన్న బ్యాటరీకి ఇంత టెన్షన్ పడిన మన ఊళ్లోనే ఎనిమిదో తరగతి పిల్లలు కాలవ గట్టు మీద ముగ్గురేసి స్కూటీల మీద బడికి వస్తున్నారు. మైనర్‌కి బండి ఇస్తే పెద్దవాళ్లకు 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 2019లోనే చట్టం మారింది. సోమవారం నుంచి గేటు దగ్గర నేనే నిలబడతాను. వచ్చిన తాళాలు నా బల్ల మీద ఉంటాయి, మీరు వచ్చి పట్టుకెళ్లండి.

మిగతావి: ఎఫ్‌ఏ మార్కుల కార్డులు సంతకం చేసి పంపండి, కాచి చల్లార్చిన నీళ్లు సీసాలో పెట్టండి, ఆధార్ లింకు పనులకు సచివాలయానికే వెళ్లండి.

శనివారం మధ్యాహ్నం 3 గంటలకు గ్రౌండులో పికప్ నడుపుతారు. తొట్టి నిండా రాలిన కొబ్బరి పిందెలు లోడు చేస్తారట, కొలతకి అవే సరిపోయాయి. పరుపు కాలిన ఇంటి పిల్లాడే స్టీరింగు మీద ఉంటాడు, వాళ్లమ్మగారు ఒప్పుకున్నారు. మీ ఇళ్లలో వాడని ఇనుప ప్యాకింగు పట్టీలు, పాత పీవీసీ పైపు ముక్కలు ఉంటే వచ్చేటప్పుడు తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు