మంగో సరస్సు సంగతి

మెల్‌బోర్న్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ దేశపు ఆదివాసులు పోయినవాళ్లను ఏం చేస్తారని మొన్న అడిగారు కదా. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. వందల తెగలు, ఎవరి పద్ధతి వారిది. ఈ సెలవుల్లో చూసివచ్చిన, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని మంగో సరస్సు గురించి మాత్రం చెప్పగలను.

పేరుకే సరస్సు, నీళ్లు ఎండి వేల ఏళ్లయింది. ఆ ఒడ్డు ఇసుక దిబ్బల్లో 1968లో జిమ్ బౌలర్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు కాలిన ఎముకలు కనిపించాయి. ఒక యువతివి, దాదాపు 40 వేల ఏళ్ల నాటివి. ఆమెను దహనం చేసి, మిగిలిన ఎముకలను చితగ్గొట్టి, మళ్లీ కాల్చి, గుంటలో పూడ్చారట. తాతగారి అస్థిసంచయనానికి మీరు బయలుదేరిన తెల్లవారుజాము గుర్తొచ్చింది. మనకు ఆ తరువాత గోదావరి, వాళ్లకు రెండోసారి నిప్పు.

1974లో ఆ దగ్గర్లోనే ఒక పురుషుడి ఎముకలు బయటపడ్డాయి. ఆయనను కాల్చలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఒడిలో చేర్చి, ఒంటి మీద ఎర్రమన్ను చల్లారు. ఆ మన్ను ఆ చుట్టుపక్కల దొరకదు, దూరం నుంచి తెప్పించిందే. ఇలాంటివాళ్లనా అనాగరికులన్నది!

నాకు మింగుడుపడనిది తరువాతి కథ. ఆ యువతి ఎముకలను శాస్త్రవేత్తలు సూట్‌కేసులో సర్ది రాజధాని కాన్‌బెరాకు పట్టుకుపోయారు. ఆమె 1992లో, ఆయన 2017లో గానీ సొంత నేలకు చేరలేదు. శాస్త్రవేత్తలకు అవి ఆధారాలు, అక్కడి తెగలకు ఇంటి పెద్దలు. చివరికి 2022లో, చోటు బయటపెట్టకుండా ఇద్దరినీ మట్టికి అప్పగించారు. దాని మీద ఆదివాసుల్లోనే తగవు వచ్చింది, గుర్తుగా ఏదైనా కట్టాలని కొందరు పట్టుబట్టారు. నాకైతే గుట్టుగా పూడ్చడమే సబబనిపించింది. అన్నయ్య ఒప్పుకోడని తెలుసు.

ఫొటోలు అడిగారు, దిబ్బలవి పంపుతున్నాను. ఎముకలవి వెతికితే దొరుకుతాయి గానీ పంపను. ఇక్కడ చాలా తెగల్లో పోయినవారి పేరు కొంతకాలం పలకరు, బొమ్మ చూడరు. అందుకే టీవీలో ఆదివాసుల కార్యక్రమాలకు ముందు, చనిపోయినవారి చిత్రాలు ఉండవచ్చని హెచ్చరిక వేస్తారు. హాలులో పెద్దల ఫొటోలకు దండలు వేసే మన పద్ధతి వాళ్లకు ఎలా తోస్తుందో!

అమ్మను మోకాలి మందు మానవద్దని చెప్పండి. తాతగారి తద్దినం ఈసారి ఏ తేదీన వచ్చిందో రాస్తే సెలవు పెట్టుకుంటాను.

మీ అమ్మాయి