చిట్టీ, ఆ ఉద్యోగం గురించి

చిట్టీ,

నిన్న ఫోన్ సగంలో పెట్టేసేను కదా, కోపమొచ్చి కాదు. కాకినాడలో హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్లో చేరేను, లైంగిక దాడి జరిగి ఆసుపత్రికొచ్చే పిల్లల పక్కన ఉండటమే నా పని అని నువ్వనేసరికి నోట మాట రాలేదు. మీ నాన్నగారు "ఇంత చదివించింది పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగడానికా" అని గొణుగుతూనే ఉన్నారు, కొబ్బరి దింపులయ్యాక ఆయనే సర్దుకుంటార్లే.

నీకో సంగతి చెప్పాలి. 1998, నువ్వింకా పుట్టలేదు, నేను కొత్తగా స్టాఫ్ నర్సుని. వానాకాలం, గోదారి ఎర్రగా ఉంది, లంకలోంచి రేవు దాటించి ఓ పిల్లని తీసుకొచ్చేరు. తొమ్మిదేళ్ళుంటాయేమో, కూడా అమ్మమ్మ. డ్యూటీ డాక్టరు పోలీసు కాగితం లేకుండా ముట్టుకోనన్నాడు. వరండాలో మాత్రం ఆయా దగ్గర్నించి పక్క మంచం వాళ్ళ చుట్టాల దాకా అందరూ అడిగేవాళ్ళే, ఎవరమ్మా, ఏం చేసేడమ్మా, మీరు ఎవరి తాలూకు అని. ఆ పిల్ల నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. నాకు కడుపు తరుక్కుపోయి ఏం చేసేనో తెలుసా, నీళ్ళు కాచి స్నానం చేయించి, బురదైన గౌను సబ్బెట్టి ఉతికి ఆరేసి, జడ కూడా వేసేను. మర్నాడొచ్చిన లేడీ డాక్టరు గారు తీగ మీద గౌను చూసి "మొత్తం కడిగేసేవా సిస్టర్" అన్నారు. అంతే, తిట్టలేదు కూడా. ఆ కేసు ఏమైందో తర్వాత ఎవర్నీ అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు ట్రైనింగ్‌లో నీకివన్నీ చెప్పే ఉంటారు. 2012లో పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం వచ్చింది, ఎఫ్ఐఆర్ లేదని వైద్యం ఆపకూడదు, డబ్బు అడక్కూడదు, ఆడపిల్లనైతే లేడీ డాక్టరే చూడాలి, పిల్ల నమ్మిన మనిషి పక్కన ఉండాలి. సాక్ష్యానికి తీసిన బట్టలు ఉతక్కుండా, తడిగా ఉంటే నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి, పాలిథిన్‌లో పెడితే బూజొస్తుంది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల్లోపు మొదలెట్టాలి, 28 రోజులు వెయ్యాలి, కానీ వికారం పుట్టి నాలుగో రోజుకే మానేస్తారు, దానికి నువ్వు రోజూ ఫోన్ చెయ్యాల్సిందే.

ట్రైనింగ్‌లో చెప్పారో లేదో తెలీనివి ఇవి. ముందు బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మకి టీ, రెండు ఇడ్లీలు ఇప్పించు, ఆవిడ పొద్దున్నించీ ఏం తినుండదు, పైగా కూలి పోయింది. పిల్లని నువ్వు కూడా ఏమైందని అడక్కు, పోలీసులు ఎలాగూ అడుగుతారు, వాళ్ళయినా యూనిఫాం లేకుండా రావాలి, రాకపోతే గట్టిగా చెప్పు, మెత్తగా ఉంటే నీ మాట ఎవడూ వినడు. డాక్టరు ముట్టుకునే ముందు ప్రతిదీ పిల్లకి చెప్పనియ్యి, వద్దంటే ఆగనియ్యి. మగపిల్లల్ని తీసుకొచ్చినప్పుడు "వాడికేమైందిలే" అంటారు చూడు, ఆ మాట నేనూ అన్నాను ఒకప్పుడు, సిగ్గేస్తుంది. పోక్సోలో ఆడా మగా తేడా లేదు.

అన్నిటికన్నా కష్టం ఊరు. నాలుగో రోజుకి పెద్దమనుషులు రాజీ అంటూ వస్తారు, పది సెంట్లో ఇరవై సెంట్లో రాసిస్తాం అంటారు, చేసినవాడు సొంత బాబాయే అయితే ఇంట్లోవాళ్ళే ముందు మెత్తబడతారు. మన లంకల్లో పేరు చెప్పక్కర్లేదు, రేవు పేరు చెబితే చాలు ఎవరో తెలిసిపోతుంది, అందుకని నాతో కూడా ఏ ఊరో చెప్పకు, నేను అడిగినా చెప్పకు. ఏడాదిలో తేల్చాలని చట్టంలో ఉన్నా వాయిదాలు పడతాయి, వాయిదాకి నువ్వు లేకపోతే ఆ తల్లి కోర్టు గుమ్మంలోంచే వెనక్కెళ్ళిపోతుంది.

ఇంకోటి. పిల్లల బట్టలు సాక్ష్యానికి తీసేసుకుంటారు కదా, తర్వాత ఆసుపత్రి గౌన్లో ఇంటికి వెళ్ళేవాళ్ళని చూసేను, భుజం మీంచి జారిపోతూ. కాటన్ గౌన్లు ఆరు, నిక్కర్లు చొక్కాలు నాలుగు జతలు కుట్టేను, బొందులు లేవు, అన్నీ ఎలాస్టిక్కే, వాటిని వాళ్ళే వేసుకోగలరు. అమలాపురంలో ఆర్టీసీ కార్గోలో వేయిస్తున్నాను, రేపు కాకినాడలో తీసుకో. వాటి కిందే పనస తొనలు, నీకు. సైజులు తెలీక ఆరేళ్ళకీ, పదేళ్ళకీ, పదమూడేళ్ళకీ కుట్టేను, సరిపోకపోతే కొలతలు వాట్సాప్ చెయ్.

అమ్మ