తమ్ముడికి, ఆఫీసు టెంప్లేట్ గురించి

మస్కట్

తమ్ముడూ,

అమ్మా నాన్నా, నువ్వూ క్షేమమని తలుస్తాను. నేను బాగున్నాను. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మెట్ల సంగతి రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. మీ షాపులో కుర్రాడు గీసిన మెట్లు నీ ప్లాన్‌లోకి తెస్తే ఇంటికంటే పెద్దవై కూర్చున్నాయని వాడిని తిట్టావట. వాడిని ఏమీ అనకు. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ తెరవగానే వాడికి అంగుళాల టెంప్లేట్ వచ్చింది, అంటే కొత్త డ్రాయింగు మొదలయ్యే ముందే సెట్టింగులు పెట్టి ఉన్న ఖాళీ ఫైలు. అది చూసుకోకుండా మిల్లీమీటర్ల లెక్కలో గీశాడు. నీ ఫైలు మిల్లీమీటర్లది. సాఫ్ట్‌వేర్ వాటిని అంగుళాలే అనుకుని 25.4తో హెచ్చవేసింది. మూడు కంప్యూటర్లలో మూడు రకాల టెంప్లేట్లు ఉంటే ఇలాగే అవుతుంది.

నాన్న గుమ్మాలు చేసే రోజుల్లో ఒక కొలకర్ర ఉండేది, గుర్తుందా? పనివాళ్లు ఎంతమంది ఉన్నా ఆ కర్రతోనే గుర్తు పెట్టాలి. ఎవరైనా సొంత టేపు తీస్తే నాన్న ఊరుకునేవారు కాదు. నీ షాపుకి ఇప్పుడు అలాంటి కర్ర ఒకటి కావాలి.

నీ కంప్యూటర్లో ఒక ఫోల్డర్ పెట్టి షేర్ చెయ్యి. అందులో ఒకే డీడబ్ల్యూటీ ఫైలు, అంటే టెంప్లేట్ ఫైలు ఉండాలి. యూనిట్లు, లేయర్లు (గోడలు, తలుపులు విడివిడిగా ఉంచే పొరలు), డైమెన్షన్ స్టైల్ (కొలతలు రాసే తీరు), టైటిల్ బ్లాక్ (పేరు, వివరాలు రాసే గడి) అన్నీ దాంట్లోనే. ప్రింటులో గీతల మందం చెప్పే సీటీబీ ఫైలు, వాడే ఫాంట్లు కూడా ఆ ఫోల్డర్లోనే పెట్టు. లేకపోతే ఒక కంప్యూటర్లో మందంగా వచ్చిన గోడ ఇంకోదానిలో వెంట్రుకలా వస్తుంది. కుర్రాళ్లకి చదివే అనుమతి చాలు, మార్చే పని నీ ఒక్కడిదే. తర్వాత ప్రతి కంప్యూటర్లో ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి, టెంప్లేట్ దారి, సీటీబీ దారి, ఫాంట్ల దారి ఈ ఫోల్డర్‌కి మళ్లించు. కొత్త డ్రాయింగు తెరిచే క్యూన్యూ కమాండ్ కొడితే ఏ టెంప్లేట్ రావాలో చెప్పే చోటు కూడా అక్కడే ఉంది, మర్చిపోకు. దారిలో డ్రైవ్ అక్షరం వద్దు, అది ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉంటుంది. నీ కంప్యూటర్ పేరుతోనే రాయి.

ఒక అలవాటు మాత్రం వెంటనే మానిపించు. పాత ఇంటి ప్లాన్ తెరిచి, సేవ్ యాజ్ కొట్టి, గోడలు చెరిపి కొత్త ఇల్లు గీయడం. పోయినసారి వచ్చినప్పుడు చూశాను, అరసవల్లి ఇంటి ప్లాన్ మీద ఇంకెవరిదో పేరు ఉండిపోయింది. పేరు సరే, కంటికి కనిపిస్తుంది. ఎప్పటివో లేయర్లు, బ్లాకులు (తలుపు, కిటికీ లాంటి రెడీమేడ్ బొమ్మలు) లోపల దాక్కుని ఫైలు నుంచి ఫైలుకి వచ్చేస్తాయి. వాటితోనే నాకు భయం.

ఇక్కడ మా ఆఫీసులో మేం బోల్తా పడింది ఇంకోచోట. టెంప్లేట్ మారిస్తే పాత డ్రాయింగులూ మారతాయనుకున్నాం. మారవు. కొత్తగా మొదలుపెట్టిన వాటికే వర్తిస్తుంది. పాతవాటిలోకి ఆటోక్యాడ్‌లోనే ఉండే డిజైన్ సెంటర్ నుంచి లేయర్లు లాగి తెచ్చుకోవచ్చు గానీ, అదే పేరుతో లేయర్ ముందే ఉంటే అది పాతగానే ఉండిపోతుంది.

నేను చేసిన టెంప్లేట్ మెయిల్‌లో పంపాను. వాడే ముందు పది అడుగుల గోడ ఒకటి గీసి, కాగితానికి సరిపడేలా సైజు మార్చేసే ఫిట్ టు పేపర్ టిక్కు తీసేసి, 1:100లో ఎ3 మీద ప్రింటు తియ్యి. స్కేలు పెట్టి చూస్తే 30 మిల్లీమీటర్ల మీద అర గీత రావాలి. కొలిచాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

ఇట్లు,
నీ అన్నయ్య